పడవ గట్టెక్కాలి, నడుము నిలవాలి



గోదావరి లంకల్లో పడవ లేనిదే పూట గడవని కుటుంబాలు ఉన్నాయి. చేపల వేటకైనా, లంక పొలానికైనా, పశువుల గడ్డికైనా పడవే ఆధారం. నీటి మీద అది తేలికే. కష్టమంతా దాన్ని రేవులోకి దించడంలో, తిరిగి గట్టు మీదికి చేర్చడంలో ఉంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అంత నీరు వచ్చి తీసిన తరువాత గట్లు కోసుకుపోయి నిటారుగా నిలుస్తాయి. మిగిలిన చోట ఒండ్రు పేరుకుని కాలు నిలవదు. అటువంటి చోట తొందరపడి పడవ లాగితే, ఇల్లు నడిపే మనిషి నడుము దెబ్బతింటుంది.

నడుము ఎందుకు పట్టేస్తుంది?

వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్ల వంటి డిస్కులు ఉంటాయి. వంగి, పక్కకు మెలితిరిగి బరువు ఎత్తినప్పుడు వీటిపై ఒత్తిడి బాగా పెరుగుతుంది. డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుండి కాలిలోకి పాకుతుంది. దీనినే సయాటికా అంటారు.

ఒక చిన్న లెక్క చూడండి. 30 డిగ్రీల వాలులో 80 కిలోల పడవను లాగాలంటే కనీసం 40 కిలోల లాగుడు బలం కావాలి. నేల రాపిడి దీనికి అదనం. పడవలో రెండు బకెట్ల నీరు మిగిలి ఉంటే మరో 30 కిలోల బరువు చేరినట్లే. కాబట్టి ముందు నీరు తోడేయండి. వల, తెడ్లు, చేపల బుట్ట విడిగా మోయండి.

దించేటప్పుడు

• మొదట ఖాళీ చేతులతో దారి నడిచి చూడండి. జారేచోట పారతో మెట్లు కొట్టండి.
• పైన బలమైన చెట్టుకు మోకు ఒక చుట్టు తిప్పి, కొద్దికొద్దిగా వదలండి. సగం బరువు చెట్టే ఆపుతుంది.
• మోకును చేతికి గాని, నడుముకు గాని చుట్టుకోవద్దు. పడవ జారితే మనిషిని కూడా లాక్కుపోతుంది.
• పడవకు దిగువన ఎవరూ నిలబడకూడదు. పిల్లలను రేవులో ఉంచవద్దు.

ఎక్కించేటప్పుడు

• ఒంటరిగా ప్రయత్నించవద్దు. ఒకరు మాట చెప్పాలి, అందరూ ఒకేసారి లాగాలి.
• పడవ కింద దుంగలు గాని, తడి కొబ్బరి మట్టలు గాని వేస్తే రాపిడి తగ్గుతుంది.
• మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి, కాళ్ల బలంతో లాగండి. తిరగవలసి వస్తే పాదాలతో తిరగండి, నడుముతో కాదు.
• మధ్యలో ఆగినప్పుడు మోకును చెట్టుకు కట్టి, అప్పుడే ఊపిరి తీసుకోండి.
• ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే పని అక్కడే ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నడుము పట్టేస్తే

ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తన్నించుకోవడం, తొక్కించుకోవడం మన పల్లెల్లో ఉన్నదే. దయచేసి అలా చేయవద్దు. జరిగిన డిస్కు మరింత జరగవచ్చు. ఒకటి రెండు రోజులు బరువు పనులు మానండి, కాని మంచం పట్టవద్దు. ఇంట్లో మెల్లగా నడవడమే మేలు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలు రోజుల తరబడి మింగితే కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు.

మూత్రం బిగుసుకున్నా, తెలియకుండా పోయినా, కూర్చునే భాగం మొద్దుబారినా, కాలు పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి రండి. ఆలస్యమైతే కాలి బలం తిరిగి రాకపోవచ్చు.

బురద గాయాలు

గాజుపెంకు గాని, మేకు గాని గుచ్చుకుంటే సబ్బు నీటితో బాగా కడిగి, ధనుర్వాతం టీకా గురించి డాక్టరును అడగండి. వరద నీటిలో తిరిగిన తరువాత, సాధారణంగా 5 నుండి 14 రోజులలో, జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే అది ఎలుక జ్వరం కావచ్చు. నీటిలో దిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. త్వరగా మందు మొదలుపెడితే నయమవుతుంది.

లూకా సువార్త 5వ అధ్యాయంలో, వలలు పిగిలిపోయేంతగా చేపలు పడినప్పుడు సీమోను, అతనితో ఉన్నవారు సిగ్గుపడకుండా రెండవ పడవలోని తోటివారిని సాయానికి పిలిచారు. వారు వచ్చాకే రెండు పడవలూ నిండాయి. సాయం అడగడం చేతకానితనం కాదు. ఈసారి రేవుకు వెళ్లేముందు పక్కింటి తలుపు తట్టండి. రేపు వారు పిలిచినప్పుడు మీరూ వెళ్లండి. దేవుడు మీ చేతుల కష్టాన్ని ఆశీర్వదించును గాక.