మీకు తెలుసా? వాన కృష్ణకు, కాలువ గోదావరిది

వర్ధన్నపేట చెరువులు మత్తడి దూకితే ఆ నీళ్లు ఆకేరు వాగు పట్టి, ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర మున్నేరులో కలిసి, చివరికి కృష్ణకు చేరతాయి. అదే ఊరి పొలాలకు కాకతీయ కాలువ తెచ్చేది మాత్రం గోదావరి నీరు. పడమటి కనుమల్లో త్ర్యంబకం దగ్గర పుట్టి, పోచంపాడు జలాశయంలో నిలిచిన నీరు!

గోదావరి మిగులును కృష్ణకు మళ్లించవచ్చా అన్నది 1961లో కేంద్రం వేసిన గుల్హాటీ కమిషన్ పరిశీలించింది. మళ్లించవచ్చనే 1962 నివేదికలో చెప్పింది. అయితే నదుల్లో ఎంత నీరు పారుతోందో తేల్చే కొలతలే సరిగా లేవనీ, ముందు అవి సేకరించాలనీ రాసింది. ఆ నివేదికలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. మరుసటి ఏడాది, 1963 జులై 26న, నెహ్రూ పోచంపాడుకు శంకుస్థాపన చేశారు.