మత్తులో వాహనం నడపడం – అమానతుకు ద్రోహం

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు కురియుగాక!



మద్యం సేవించి వాహనం నడపడం ఘోరమని అందరూ అంగీకరిస్తారు. గంజాయి విషయంలో మాత్రం కొందరు యువకులు, “అది పీల్చినవాడు నిదానంగానే నడుపుతాడు, ప్రమాదమేముంది?” అని వాదిస్తారు.

గంజాయి సేవించినవారిలో పలువురు వేగం తగ్గిస్తారన్నది నిజమే. కాని ఆ జాగ్రత్త ఆపద వేళ అక్కరకు రాదు. గంజాయిలోని టీహెచ్‌సీ అనే పదార్థం ఏకాగ్రతను, దూరాన్నీ కాలాన్నీ అంచనా వేసే శక్తిని, కంటికీ చేతికీ ఉన్న పొందికను దెబ్బతీస్తుంది. వాహనం తన వరుసలో నిలువక అటూ ఇటూ ఒరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగుతుంది. బ్రేకు వేయడంలో అర సెకను ఆలస్యమైతే 8 మీటర్లు చేజారినట్లే. బంతి వెంట రోడ్డుపైకి పరుగెత్తిన పసివాడి ప్రాణం ఆ 8 మీటర్లలోనే ఉంటుంది.

పొగ పీల్చితే మత్తు నిమిషాల్లో తలకెక్కి కొన్ని గంటలు ఉంటుంది. తిన్నా, భంగుగా తాగినా ఆలస్యంగా ఎక్కి మరింతసేపు నిలుస్తుంది. “నాకేమీ కాలేదు” అనుకొని బయలుదేరినవాణ్ణి అది నడిదారిలో ఆవరించవచ్చు. మద్యం తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

“గంజాయి పేరు ఖుర్ఆన్‌లో లేదు కదా” అనేవారు గమనించాలి: నిషేధానికి కారణం పేరు కాదు, మత్తు. క్రీ.శ. 1328లో మరణించిన ఇమామ్ ఇబ్ను తైమియా హషీషును నిషిద్ధంగానే నిర్ధారించారు. షరీఅత్ కాపాడదలచినవి ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతతి, సంపద అని ఇమామ్ గజాలీ వివరించారు. మత్తులో బండి నడిపేవాడు తన బుద్ధిని పోగొట్టుకోవడమే కాక, పరుల ప్రాణాన్నీ పణంగా పెడుతున్నాడు.

దేశ చట్టమూ దీనిని ఉపేక్షించదు. మాదకద్రవ్యాల ప్రభావంతో వాహనాన్ని అదుపు చేయలేని స్థితిలో నడిపితే, 1988 మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం మొదటి నేరానికే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

సోదరులారా! మత్తులో ఉన్న మిత్రుని చేతి నుండి తాళంచెవి తీసుకోండి. అతని కోపాన్ని భరించండి. వ్యసనంలో పడిన బిడ్డను పరువు కోసం దాచకండి, వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. బుద్ధి అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. రోడ్డుపై ఎదురయ్యే ప్రతి ప్రాణమూ అంతే. ఈ అమానతుల గురించి రేపు మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది.

అల్లాహ్ మన సంతానాన్ని మత్తు నుండి కాపాడి, సన్మార్గంలో నడిపించుగాక! ఆమీన్.