చిక్కు వెంట్రుకలు, గొర్రెబొచ్చు, పాత చీరలు: పారేసేవాటితో బట్ట అవుతుందా?

అనంతపురం జిల్లా పల్లెల్లో ‘చిక్కు వెంట్రుకలు కొంటాం’ అనే కేక తెలియని ఇల్లు ఉండదు. ఒకప్పుడు వెంట్రుకల ఉండ ఇస్తే పిన్నీసులు, సూదులు, దువ్వెన ఇచ్చి పోయేవాళ్లు. ఇప్పుడు బండికి మైకు కట్టుకొని స్టీలు గిన్నెలు తెస్తున్నారు, కొందరు నేరుగా డబ్బులే ఇస్తున్నారు. గోడ సందులో దాచిన ఆ ఉండ ఎక్కడికి పోతుంది? దాంతో ఏం చేస్తారు? ఈ మధ్య విదేశాల్లో మనిషి వెంట్రుకలతో తాళ్లు, బట్టలు, గోడకు వేలాడదీసే కళాఖండాలు చేస్తున్నారని వార్తలు వస్తున్నాయి. మన దగ్గర ఆ పని సాధ్యమేనా?

ముందు మన ఉండ సంగతి చూద్దాం. తిరుమల కల్యాణకట్టలో తీసిన జుట్టు వేరు, దువ్వెనకు వచ్చిన జుట్టు వేరు. తలనీలాలు మొదలు ఒక వైపు, కొస ఒక వైపు వరసగా ఉంటాయి. పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తారు, మంచి ధర పలుకుతాయి. దువ్వెన జుట్టులో మొదళ్లూ కొసలూ కలిసిపోయి ఉంటాయి. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, ఆ పొలుసులన్నీ కొస వైపుకు వాలి ఉంటాయి. ఎదురుబొదురుగా పడిన వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చిక్కు పడేది అందుకే.

ఆ చిక్కు విప్పే యంత్రం ఇంతవరకు సరిగ్గా రాలేదు. అంతా ఆడవాళ్ల చేతులే. అనంతపురానికి మరీ దూరం కాని కొప్పళ (కర్ణాటక) పక్కన భాగ్యనగర్ అనే ఊరు ఈ పనికి పేరుమోసింది. ఉండను సూదితో, దబ్బనంతో కొంచెం కొంచెంగా విప్పాలి. తర్వాత కడిగి, ఆరబెట్టి, ఇనుప ముళ్ల దువ్వెన మీద లాగి, పొడవు ప్రకారం కట్టలు కట్టాలి. పొడవైనవి విగ్గులకు, సవరాలకు పోతాయి. మరీ పొట్టివాటి నుంచి సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తీస్తారు. రోజంతా వంగి కూర్చోవాలి, దుమ్ము ముక్కులోకి పోతుంది, కళ్లు లాగుతాయి. కూలి మాత్రం తూకం లెక్కన. లాభమంతా పొడవు కట్టలు అమ్మేవాడి దగ్గరే ఆగిపోతుంది. ముడి వెంట్రుక చౌకగా బయటకు పోతే ఇక్కడి పని పోతుందనే గోల పెరిగాక, 2022 జనవరిలో కేంద్రం దాని ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది.

ఇక నేత. వెంట్రుక చాలా గట్టిది. జపాన్‌లో క్యోటో నగరంలోని హిగాషి హోంగాన్‌జి ఆలయాన్ని 1880 నుంచి 1895 దాకా తిరిగి కట్టినప్పుడు మామూలు మోకులు తెగిపోతున్నాయని భక్తురాళ్లు తమ జుట్టు కోసి ఇచ్చారు. దాంతో పేనిన మోకులు 53 అని చెబుతారు. ఒకటి ఇప్పటికీ అక్కడ ప్రదర్శనలో ఉంది. చైనాలో పుట్టిన కళాకారుడు గు వెండా 1993 నుంచి దేశదేశాల మంగలి షాపుల్లో ఊడ్చిన జుట్టు తెచ్చి, జిగురుతో అతికించి పెద్ద పెద్ద తెరలు చేశాడు. అవి చూడటానికే, కట్టుకోవడానికి కాదు.

తాడు వేరు, బట్ట వేరు. బట్టకు నూలు కావాలి. నూలు నిలవాలంటే పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. గొర్రె ఉన్ని ముడతలు ముడతలుగా ఉంటుంది, పొలుసులు కూడా లేచి ఉంటాయి. తడిపి నలిపితే గట్టిపడుతుంది. మన వెంట్రుక నున్నగా, తిన్నగా ఉంటుంది. మెరీనో ఉన్ని పోగు దాదాపు 20 మైక్రాన్ల మందం ఉంటే మన వెంట్రుక 50 నుంచి 100 దాకా ఉంటుంది. చిక్కు పడటానికి పనికొచ్చే పొలుసు, నూలు నిలవడానికి చాలదు! అందుకే ఉత్త వెంట్రుకలతో వడికితే పురి విడిపోతుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. ఉన్ని ఎక్కువ, వెంట్రుక తక్కువ కలిపితే తాడో, పట్టానో, గోడకు వేలాడదీసేదో అవుతుంది. చేయాలని ఉన్నవాళ్లు కుంకుడుకాయ రసంతో రెండు మూడు సార్లు కడిగి, బాగా ఎండబెట్టి మొదలుపెట్టాలి. నూనె మిగిలితే పోగు నిలవదు, వాసన కూడా వదలదు.

చేయొచ్చా అనేది ఒక ప్రశ్న, చేయాలా అనేది ఇంకో ప్రశ్న. మన పాఠకుల్లో చాలామందికి ఇది ముఖ్యం. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం మనిషి వెంట్రుకల అమ్మకం చెల్లదు. మనిషి శరీరానికి ఉన్న గౌరవమే దానికి కారణంగా చెబుతారు. రాలిన జుట్టును పూడ్చిపెట్టడం మంచిదని పెద్దలు చెప్పేది కూడా అందుకే. సవరం పెట్టుకోవడం మీద హదీసుల్లో గట్టి అభ్యంతరం ఉంది. అయినా గిన్నెకు ఉండ ఇచ్చేటప్పుడు అది కూడా అమ్మకమేనని ఎంతమందికి తడుతుంది? సందేహం ఉన్నవాళ్లు దగ్గరి ఆలిమ్‌ను అడగడం మేలు. ఇది మన ఒక్కరి సమస్య కూడా కాదు. 2004లో తిరుమల జుట్టుతో చేసిన విగ్గులు వాడరాదని యూదు మతగురువులు చెప్పడంతో జెరూసలేంలో, న్యూయార్క్‌లో ఆడవాళ్లు ఖరీదైన విగ్గులను వీధిలో తగలబెట్టారు.

గొర్రెబొచ్చుకు, మేకబొచ్చుకు ఈ పేచీ లేదు. ఖుర్ఆన్‌లో సూరా అన్-నహ్ల్ పశువుల ఉన్నిని, వెంట్రుకలను మనిషికిచ్చిన సామానుగానే చెబుతుంది. ఈ జిల్లాలో నిజంగా వృథా అవుతున్నది కూడా ఈ బొచ్చే. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు కురుబలు కంబళ్లు నేసేవాళ్లు. బొచ్చు కత్తిరించి, వింటితో ఏకి, వడికి, చింతగింజల గంజి పెట్టి, గుంత మగ్గం మీద నేయాలి. వానకూ చలికీ ఆ కంబడే గొర్రెలకాపరి ఇల్లు. మిల్లు దుప్పటి వచ్చాక అడిగేవాడు తగ్గాడు. మాంసం కోసం బొచ్చు లేని జాతులు పెరిగాయి. కత్తిరించే కూలి కూడా రాని చోట బొచ్చును కంపల్లో పారేస్తున్నారు. వాన సరిగ్గా పడని జిల్లాలో గొర్రె మిగిలింది గానీ దాని బొచ్చుకు విలువ మిగల్లేదు.

ఏకడం అంటే మన దూదేకుల వాళ్లను తలచుకోకుండా ఎలా? ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చేసిన దక్షిణ భారత కులాల గ్రంథంలో వాళ్లను పత్తి ఏకే ముస్లిములుగానే రాశాడు. ఆ విల్లు, ఆ నారి చప్పుడు పోయి మిషన్లు వచ్చాయి, పరుపుల స్థానంలో ఫోమ్ వచ్చింది. కానీ పాత దూదిని విప్పి, ఏకి, మళ్లీ పరుపు కుట్టే నేర్పు కొందరిలో ఇంకా ఉంది. పారేసినదాన్ని మళ్లీ వాడకానికి తేవడం అంటే అదే కదా!

బొంత సంగతీ అంతే. నాలుగైదు పాత చీరలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల అతుకులు పెట్టి, అంచు నుంచి లోపలికి దగ్గర దగ్గరగా దారం కుట్టు వేసుకుంటూ పోతారు. ఉర్దూ ఇళ్లల్లో దీన్నే గుదడీ అంటారు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్ల నుంచి, ధర్మవరం పట్టు మగ్గాల నుంచి రోజూ ముక్కలు, తెగిన పోగులు వస్తూనే ఉంటాయి. జీన్స్ ముక్క మందంగా ఉంటుంది కాబట్టి సంచులకు, కూర్చునే పట్టాలకు బాగుంటుంది. చేతిసూదికి మాత్రం లొంగదు, మిషన్ కావాలి.

కొనేవాడు లేక కళలు పోతాయి, వాడకం మారిస్తే నిలుస్తాయి. దానికి సాక్ష్యం ధర్మవరం పక్కనే ఉంది. నిమ్మలకుంటలో మేకతోలు బొమ్మలాట చూసేవాళ్లు తగ్గాక, అదే తోలుతో దీపాల గుమ్మటాలు, గోడ బొమ్మలు చేసి అమ్మడం నేర్చుకున్నారు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

నన్నడిగితే వెంట్రుకల బట్ట ప్రదర్శనకు పనికొస్తుంది, మండలానికి కూడు పెట్టదు. బొచ్చు, బొంత పెట్టొచ్చు. అయితే పని మొదలుపెట్టే మహిళా సంఘాలు మొదటి రోజే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. కూలి గంట లెక్కా, తూకం లెక్కా? బొచ్చు ఏకేటప్పుడు మాస్కు ఎవరు కొనిస్తారు? పెద్ద బొంతకు పట్టే వారాల పనిని ధరలో ఎలా కలుపుతారు? పట్నం షాపువాడు చెప్పే మొదటి ధర ఎప్పుడూ గుడ్డ ఖరీదుకే ఉంటుంది, కుట్టుకు ఉండదు.