మీకు తెలుసా? ఉత్తికాళ్లతో చర్చికొచ్చిన హిప్పీలు

1960ల చివర్లో కాలిఫోర్నియా హిప్పీలలో కొందరు మత్తుమందులు వదిలి బైబిలు పట్టుకున్నారు. జుట్టు మాత్రం కత్తిరించుకోలేదు. వాళ్లనే 'జీసస్ పీపుల్' అన్నారు.

సూటూ బూటూ వేసుకునే చర్చిలు చాలావరకు వాళ్లను దగ్గరికి రానివ్వలేదు. కోస్టామెసాలోని కాల్వరీ చాపెల్ పాస్టర్ చక్ స్మిత్ తలుపులు తెరిచారు. ఆయనకు తోడైన యువ బోధకుడు లానీ ఫ్రిస్బీ పొడవాటి జుట్టుతో, గడ్డంతో అచ్చం క్యాలెండర్ బొమ్మలోని క్రీస్తులా ఉండేవాడు. ఉత్తికాళ్లతో వచ్చేవాళ్ల వల్ల కొత్త తివాచీ మాసిపోతోందని అక్కడి పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారట. అలాగైతే తివాచీనే పీకేద్దామన్నారట స్మిత్! ఈ ఉద్యమం మొత్తంలో నా మనసుకు బాగా దగ్గరైన ఘట్టం ఇదే.

కరోనా డెల్ మార్ తీరంలో వందలమంది రాళ్లగట్టు మీద కూర్చుని పాడుతుంటే, తడిసిన జీన్స్‌తో ఒక్కొక్కరే బాప్తిస్మం పొంది అలల్లోంచి పైకి లేచేవారు. 1971 జూన్‌లో 'టైమ్' పత్రిక ముఖచిత్ర కథనం వీళ్ల గురించే. అదే ఏడాది కాల్వరీ చాపెల్ 'మరనాథ మ్యూజిక్' ప్రారంభించి, గిటార్లతో సాగే వాళ్ల ఆరాధన పాటలను రికార్డులుగా ఇంటింటికీ చేర్చింది.