ట్రాక్ డే కార్లలో గేర్‌బాక్సు లోపాలు

రేసుల కోసం నిర్మించిన మార్గంపై, పోటీ లేకుండా, రుసుము చెల్లించి సొంత కారును వేగంగా నడుపుకొనే కార్యక్రమాన్ని '''ట్రాక్ డే''' అంటారు. ఇందుకు వాడే కార్లలో చాలా భాగం మామూలు రహదారి కార్లే. వాటి గేర్‌బాక్సులు రహదారి వాడకానికి తయారైనవి కనుక ట్రాక్ మీద త్వరగా అరుగుతాయి. గేరు సరిగా పడకపోవడం, గరగరమనే శబ్దం, పడిన గేరు దానంతట అదే జారిపోవడం తరచుగా కనబడే లోపాలు. అయితే ఇటువంటి లక్షణాలకు కారణం చాలాసార్లు గేర్‌బాక్సు వెలుపలనే ఉంటుంది. అందువలన గేర్‌బాక్సును దించుటకు ముందు క్లచ్, నూనె, గేరు రాడ్డు, మౌంటింగులను వరుసగా పరీక్షించవలెను.

ట్రాక్ డేలలో విరివిగా కనబడే మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం కారు (1989–1997) యొక్క ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సును ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకొనడమైనది.

== నిర్మాణము ==

ఈ గేర్‌బాక్సులో ముఖ్యంగా మూడు షాఫ్టులు ఉంటాయి. క్లచ్ నుండి శక్తిని తెచ్చేది ఇన్‌పుట్ షాఫ్టు. చక్రాల వైపు పంపేది మెయిన్ షాఫ్టు. ఈ రెండింటికి సమాంతరంగా ఉండేది లేషాఫ్టు. ఐదు గేర్ల నిష్పత్తులు వరుసగా 3.136, 1.888, 1.330, 1.000, 0.814. నాలుగవ గేరులో ఇన్‌పుట్ షాఫ్టు, మెయిన్ షాఫ్టు నేరుగా కలిసిపోతాయి. అప్పుడు లేషాఫ్టు తిరుగుతుంది గాని భారం మోయదు.

గేరు మార్చేటప్పుడు వేరువేరు వేగాలతో తిరిగే భాగాలను ఒకే వేగానికి తెచ్చేది సింక్రోనైజర్. ఇందులోని ఇత్తడి రింగు, గేరు మీది శంకువు ఆకారపు భాగాన్ని ఒరుసుకొని ఆ పని చేస్తుంది. ఈ ఏర్పాటు మొదట 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది.

== ట్రాక్ మీద అరుగుదలకు కారణాలు ==

మూడవ గేరులో ఇంజను నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతున్నప్పుడు రెండవ గేరుకు దిగితే, అదే కారు వేగానికి ఇన్‌పుట్ షాఫ్టు సుమారు 6,390 చుట్లు తిరగాలి. ఆ వేగాన్ని అందించే భారం రెండవ గేరు సింక్రోనైజర్ రింగుపై పడుతుంది. ప్రతి మలుపు వద్ద ఇదే జరిగితే రింగు త్వరగా అరుగుతుంది.

బ్రేకు వేస్తూనే మడమతో యాక్సిలరేటరును తట్టడం వలన ఈ అరుగుదల తగ్గుతుందని కొందరు భావిస్తారు. క్లచ్ నొక్కి ఉన్నప్పుడు ఇంజను వేగం ఇన్‌పుట్ షాఫ్టుకు చేరదు కనుక, దానివలన మేలు క్లచ్‌కే గాని సింక్రోనైజర్‌కు కాదు. న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, ఇంజను వేగం పెంచి, మళ్ళీ క్లచ్ నొక్కి గేరు వేసినప్పుడే రింగుపై భారం తగ్గుతుంది.

== లోపాన్ని గుర్తించడం ==

;అన్ని గేర్లూ కష్టంగా పడడం
క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అనుమానించవలెను. కారు వెనుక భాగాన్ని స్టాండ్లపై ఎత్తి, ఇంజను ఆపి, గేరు వేసి, ఒకరు క్లచ్ నొక్కి ఉంచగా మరొకరు ప్రొపెల్లర్ షాఫ్టును చేతితో త్రిప్పి చూడాలి. అది తేలికగా తిరగకపోతే లోపం క్లచ్‌లో ఉన్నట్లు. ఎంఎక్స్-5లో క్లచ్ స్లేవ్ సిలిండర్ కారడం మామూలే. ఇది గేర్‌బాక్సు వెలుపల ఉంటుంది. దాని రబ్బరు తొడుగు తొలగించినప్పుడు లోపల తడి కనబడితే సిలిండరును మార్చి, గొట్టాలలోని గాలిని తీసివేయాలి.

;ఒక్క గేరు మాత్రమే గరగరమనడం
ఆ గేరు సింక్రోనైజర్ అరిగినట్లు. చల్లని ఇంజనుతో మాత్రమే రెండవ గేరు మొరాయించి, వేడెక్కాక సర్దుకుంటే చిక్కని నూనె కూడా కారణం కావచ్చును.

;గేరు జారిపోవడం
గేరు పళ్ళ అంచులు, షిఫ్ట్ ఫోర్కు లేదా రాడ్డును పట్టి ఉంచే స్ప్రింగు అరిగి ఉండవచ్చును. వదులైన ఇంజను మౌంటింగుల వలన కూడా ఇలా జరుగుతుంది.

;శబ్దం
న్యూట్రల్‌లో వినబడి, క్లచ్ నొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్టు లేదా లేషాఫ్టు బేరింగులను అనుమానించాలి. క్లచ్ నొక్కినప్పుడే మొదలైతే అది సాధారణంగా రిలీజ్ బేరింగు. నడిపేటప్పుడు నాలుగవ గేరులో తగ్గి, మిగిలిన గేర్లలో వినబడితే లేషాఫ్టు బేరింగులపై అనుమానం బలపడుతుంది.

== నూనె పరీక్ష ==

నూనె నింపే బిరడాను ముందుగా విప్పి, ఆ తరువాతనే క్రింది బిరడాను తీయాలి. నూనె కార్చివేశాక పై బిరడా ఊడకపోతే కారు కదలకుండా నిలిచిపోతుంది. అయస్కాంతపు బిరడాపై మెత్తటి బూడిదరంగు ముద్ద సహజం. నూనెలో పసుపు పచ్చని పొడి సింక్రోనైజర్ రింగుల అరుగుదలను తెలుపుతుంది. చేతికి తగిలే ఉక్కు ముక్కలు కనబడితే కారును ట్రాక్‌పైకి తీసుకొనిపోరాదు. బేరింగు విరిగి గేర్‌బాక్సు పట్టివేస్తే వెనుక చక్రాలు ఒక్కసారిగా ఆగి కారు అదుపు తప్పుతుంది.

== మరమ్మతు ==

పై పరీక్షల తరువాత కూడా లోపం లోపలే ఉందని తేలితే గేర్‌బాక్సును దించవలెను. బ్యాటరీ తీగను వేరుచేసి, కారును నాలుగు స్టాండ్లపై నిలిపి, కారు లోపలి నుండి గేరు రాడ్డును తీస్తారు. తరువాత సైలెన్సర్ గొట్టం, ప్రొపెల్లర్ షాఫ్టు, స్లేవ్ సిలిండర్, స్టార్టరు విప్పుతారు. ఎంఎక్స్-5లో గేర్‌బాక్సును డిఫరెన్షియల్‌తో కలిపే పొడవైన అల్యూమినియం చట్రం ఉంటుంది. దానిని విప్పే ముందు గేర్‌బాక్సుకు, డిఫరెన్షియల్‌కు క్రింద ఆధారం ఇవ్వాలి.

విప్పిన గేర్‌బాక్సులో రింగుకు, గేరుకు మధ్య ఖాళీని ఫీలర్ గేజితో కొలుస్తారు. తయారీదారు సూచించిన కనిష్ఠం కన్నా ఖాళీ తగ్గితే రింగును మార్చాలి. రింగుతో పాటు గేరు పళ్ళు, స్లీవు కూడా చూడాలి. మొద్దుబారిన పళ్ళపై కొత్త రింగు వేసినా లోపం తిరిగి వస్తుంది. గేర్‌బాక్సు ఎలాగూ దిగింది గనుక బేరింగులు, సీళ్ళు, క్లచ్ పలక, రిలీజ్ బేరింగులను కూడా అప్పుడే పరిశీలించడం లాభదాయకం.

== జాగ్రత్తలు ==

* 75డబ్ల్యూ-90 రకం నూనె వాడకంలో ఉన్నది. కొన్ని జీఎల్-5 నూనెలలోని గంధకపు సంకలనాలు ఇత్తడికి హాని చేయగలవు కనుక కారు పుస్తకంలోని సూచనను చూసి ఎంచుకోవాలి.
* మౌంటింగులు అరిగితే గేరు రాడ్డు స్థానం కదులుతుంది. 7,000 చుట్ల వద్ద మూడవ గేరు నుండి నాలుగుకు బదులు రెండు పడితే ఇంజను సుమారు 9,900 చుట్లకు చేరి, వాల్వులు దెబ్బతినవచ్చును.
* నూనె కారుతున్న కారును ట్రాక్‌పైకి తేరాదు. ఆ నూనెపై వెనుక వచ్చే కారు జారుతుంది.

== ఇవి కూడా చూడండి ==

* క్లచ్
* డిఫరెన్షియల్
* కందెన నూనె