పంటి అతుకు క్రింద పాచి

భిలాయి ఉక్కు కర్మాగారములో రైలు పట్టాల మిల్లున పనిచేయువారికి అతుకు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. పట్టా ఎంత గట్టిదైనను, ప్రమాదము పొంచియుండునది అతుకు వద్దనే. రంగు వేసిన రేకునకు తుప్పు మొదట పట్టునది నడిమి భాగమున కాదు, రంగు పెచ్చులూడిన అంచున. పుచ్చిన పంటికి సిమెంటు పెట్టించుకొని కుదుటపడినామనుకొన్నవారికి కొన్ని సంవత్సరముల పిదప అదే పన్ను మరల సలుపుటకు కారణము చాలవరకు ఇదియే. నింపిన పదార్థము అరగలేదు, విరగలేదు. దానికిని పంటికిని నడుమనున్న వెండ్రుకవాసి సందున పుచ్చు మరల ప్రారంభమైనది. అంతట వైద్యుడు పాతదానిని తొలగించి, గుంటను ఇంకను వెడల్పు చేసి, క్రొత్తది నింపును. ఇట్లు రెండు మూడు పర్యాయములు జరుగునప్పటికి పంటిలో మిగులునది అల్పము. పిదప పుచ్చు నరము వరకు పోవుటకు ఎంతో కాలము పట్టదు.

భిలాయి కర్మాగార నిర్మాణమునకు భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ ఒడంబడిక జరిగినది 1955 ఫిబ్రవరి 2వ తేదీన. ఆ సంవత్సరముననే అమెరికాలో మైకేల్ బునకోర్ అను శాస్త్రజ్ఞుడు పంటికి జిగురు పట్టించు ఉపాయమును ప్రకటించెను. ఆ ఉపాయము ఆయనకు తోచినది లోహపు పనివారి నుండియే. లోహమునకు రంగు గట్టిగా పట్టుటకై ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లముతో కడుగు వాడుక కర్మాగారములలో ఉండెను. ఆయన అదే ఆమ్లమును పంటి పైపొరయగు ఎనామెలుపై అర నిమిషము ఉంచి కడిగివేసెను. నునుపైన పొర కంటికి కనబడనంత సన్నగా గరుకుదేరినది. జిగురు ఆ గుంటలలో దిగి గట్టిపడినది. అంతకు మునుపు నింపినది ఊడిపోకుండుటకై మంచి పంటిని సైతము లోపల వెడల్పుగా తొలిచెడివారు. ఈ జిగురు వచ్చిన తరువాత ఆ అవసరము చాలవరకు తప్పినది. ఎనామెలు క్రిందనుండు డెంటిను తేమగలది, కొల్లాజెను దారములతో అల్లినట్టిది. దానికి జిగురు పట్టించుట మాత్రము అంత సులభము కాలేదు. జిగురు ఆ దారములలోనికి ఇంకి మిశ్రమపు పొరగా ఏర్పడునని జపానులో నకబయాషి 1982లో చూపెను.

అయితే నోటిలో జిగురు తయారుచేయువారు మరికొందరును కలరు. 1683లో హాలండు దేశీయుడు లీవెన్ హుక్ తన పంటి పాచిని భూతద్దము క్రింద చూచి, అందు కదలాడు జీవులను వర్ణించెను. వానిలో పుచ్చునకు ముఖ్యకారణమని పేరుపడిన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ ను 1924లో ఇంగ్లండున క్లార్క్ అను వైద్యుడు గుర్తించెను. ఈ సూక్ష్మజీవి చక్కెరను తిని ఆమ్లము విడుచుటయే కాదు, అదే చక్కెరతో బంకను అల్లుకొని పంటిని అంటిపెట్టుకొనును. ఆ బంకలో గూడుకట్టుకొన్న అనేక జాతుల సమూహమే మనము పాచి అనునది. ఒంటరిగా తేలియాడు సూక్ష్మజీవిని చంపు మందు, గూటిలోనున్న దానిని చంపజాలకపోవచ్చును. బంక ఆ మందును లోపలికి పోనీయదు.

రాత్రి షిఫ్టులో కొలిమి వేడికి చెమటోడ్చినవాని నోట లాలాజలము తగ్గును. నిద్ర ఆపుకొనుటకు గంటకొక గ్లాసు తియ్యని టీ పడును. ఒక్కొక్క గ్లాసుతో పాచి క్రింద ఆమ్లము పెరుగును, పీహెచ్ 5.5 కంటె దిగినప్పుడు ఎనామెలు కరుగనారంభించును. లాలాజలము దానిని సరిదిద్దులోపలనే మరియొక గ్లాసు వచ్చును.

ఇక సందు మాట. పంటి రంగులో నింపు పదార్థము నీలికాంతికి గట్టిపడునపుడు కొంచెము కుంచించుకొనును. ఆ లాగుడుకు అంచున ఎచ్చటనో జిగురు విడివడును. ఈ సూక్ష్మజీవి మిల్లీమీటరులో వేయవవంతునకు మించనిది. దానికి ఆ సందు రాజమార్గమే. పైగా దాని ఎంజైములు జిగురునే కొంత విచ్ఛిన్నము చేయగలవని పరిశోధనలు తెలిపినవి.

అందుచేత జిగురునకే సూక్ష్మజీవులను చంపు గుణము కల్పించవలెనని శాస్త్రజ్ఞులు యత్నించిరి. ఒసాకా విశ్వవిద్యాలయమున ఇమజాటో, ఆయన సహచరులు 1990 దశకమున ఎండీపీబీ అను అణువును రూపొందించిరి. దీని ఒక కొన ధనావేశము కలది; సూక్ష్మజీవుల పైపొర ఋణావేశము కలది; రెండును తాకినప్పుడు ఆ పొర చెదరును. రెండవ కొన జిగురుతో కలిసి గట్టిపడును గనుక మందు కారిపోదు. జపానునందలి కురారే సంస్థ ఈ అణువుతో క్లియర్‌ఫిల్ ప్రొటెక్ట్ బాండ్ అను జిగురును విక్రయమునకు తెచ్చినది. కాంతి పడకముందు, ద్రవముగా ఉన్నప్పుడు, గుంటలో మిగిలిన సూక్ష్మజీవులను ఇది బాగుగా చంపును. గట్టిపడిన తరువాత మాత్రము తనను తాకినవానినే నిరోధించగలదు. లాలాజలపు పలుచని పొర కప్పినను, చచ్చిన సూక్ష్మజీవులే పేరుకొన్నను దాని శక్తి తగ్గును. క్లోర్‌హెక్సిడిను వంటి కారు మందులు కలిపినచో ఆరంభమున బాగుగానే పనిచేయును. కాని మందు అయిపోయిన పిదప పని కూడ అయిపోవును. వెండి సూక్ష్మకణములు కలిపి చేసిన ప్రయోగములును పెక్కులు కలవు. ప్రయోగశాలలోని గాజుపళ్లెములో ఇవి అన్నియు ఘనముగానే గెలిచినవి. మనుష్యుల నోటిలో ఏండ్ల తరబడి పుచ్చును ఆపునని నిరూపించు సాక్ష్యము ఇంకను కొలదిగానే యున్నది. సీసాపై "సూక్ష్మజీవనాశిని" అని యున్నంతమాత్రమున బ్రష్షు మూలపెట్టదగదు.

భిలాయి, దుర్గు ప్రాంతమున మరియొక చిక్కు కలదు. పొగాకును బెల్లపు పాకమును కలిపిన గుడాఖు అను ముద్దతో పండ్లు తోము అలవాటు ఛత్తీస్‌గఢ్‌లో విస్తారము. ఉత్తరాంధ్ర నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములలోని వారికి సైతము ఇరుగుపొరుగు వలన ఇది అబ్బుట వింత కాదు. పండ్లు శుభ్రమైనట్లు తోచును, తల కొంచెము తిరిగి హాయిగాను ఉండును. కాని అది పొగాకు తినుటయే, నోటి క్యాన్సరునకు త్రోవయే. నల్లగొండ వంటి ఫ్లోరైడు నీటి ప్రాంతములలో పెరిగినవారి పండ్లపై ఎనామెలు ఆమ్లమునకు తేలికగా లొంగదు. అట్టివారు తమ ఊరు సంగతి దంతవైద్యునకు ముందే చెప్పినచో, ఆయన ఆమ్లమును మరికొంతసేపు ఉంచి జిగురు పట్టించును.

జిగురు వేయునపుడు పన్ను ఉమ్మితో తడిసినచో ఏ గొప్ప జిగురును పట్టదు. అందుకే వైద్యుడు రబ్బరు గుడ్డ తొడుగును, లేదా దూది మాటిమాటికి మార్చును. నోరు తెరచి కూర్చుండుట విసుగైనను ఆ కొద్ది నిమిషములు ఓర్చుకొనవలెను. పిదప ఆరు మాసములకో, సంవత్సరమునకో చూపించుకొన్నప్పుడు, నింపిన అంచున గోధుమరంగు గీత కనబడవచ్చును. వైద్యుడు దానిని గాలితో ఆరబెట్టి, మెల్లగా తడవి చూచును. గట్టిగానుండి పదును తగులకున్నచో అది టీ మరకయో, పొగాకు మరకయో, రుద్ది వదలివేయును. మెత్తబడినచో మొత్తము పెరికివేయక, ఆ మేరకే తీసి, ఆమ్లముతో కడిగి, జిగురు వేసి పూడ్చును.