తోకచుక్క త్రోవను గణించుట

తోకచుక్క ఏ దిక్కున ఉన్నదో దూరదర్శినిలో మనకు తెలియును. ఎంత దూరమున ఉన్నదో తెలియదు. ఒక్కొక్క పరిశీలన రెండు కోణములనే ఇచ్చును. కక్ష్యను నిర్ణయించుటకు ఆరు రాశులు కావలెను గనుక, కనీసము మూడు రాత్రుల పరిశీలనలు అవసరము.

అయినను చిక్కు తీరదు. కొద్ది వారాల చిన్న చాపములో మిక్కిలి పొడవైన దీర్ఘవృత్తమునకును, పరావలయమునకును భేదము దాదాపు కనిపించదు. మొదటి దారిన పోయినది తిరిగి వచ్చును. రెండవ దారిన పోయినది రాదు.

1995 జూలై 23న హేల్, బాప్ అను ఇరువురు అమెరికన్లు వేర్వేరుగా కనుగొన్న తోకచుక్క విషయములోను ఇదే జరిగినది. అప్పుడు ఆస్ట్రేలియాలో 1993లో తీసిన ఛాయాచిత్ర ఫలకముపై, ఎవరూ గమనింపక విడిచిన ఆ చుక్కయే దొరికినది! మాకు అన్నిటికంటె ఆశ్చర్యముగా తోచినది ఈ ఘట్టమే. ఆ ఒక్క బిందువుతో చాపము రెండేండ్లకు పైగా సాగి, కక్ష్యపై సందేహము చాలవరకు తొలగినది. తరువాతి గణనలలో దాని పూర్వపు ఆవర్తన కాలము సుమారు 4,200 ఏండ్లని తేలినది. 1996 ఏప్రిల్‌లో గురుగ్రహము చేరువగా వచ్చుటచే, దాని ఆకర్షణకు లోబడి అది సుమారు 2,500 ఏండ్లకు తగ్గినది.